విద్యుత్తు నాడి: 50 ఆవర్తనముల కథ

రేడియో శ్రోతలకు కిలోసైకిలు అన్న మాట చిరపరిచితము. కార్యక్రమ పత్రికలలో కేంద్రము పేరు ప్రక్కనే మీటర్లను, కిలోసైకిళ్ళను అచ్చువేయు ఆచారముండెడిది. రేడియో ముల్లును ఆ అంకె మీదికి త్రిప్పినగాని పాట వినబడెడిది కాదు. సెకనుకు ఒక ఆవర్తనమును నేడు హెర్ట్జ్ అని వ్యవహరించుచున్నాము. రేడియో తరంగముల ఉనికిని ప్రయోగపూర్వకముగా నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్‌రిఖ్ హెర్ట్జ్ పేర వెలసిన ఈ ప్రమాణమును 1960లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ స్వీకరించినది. మా ప్రసారిణినుండి వెలువడు తరంగమునకే గాక, ఆ ప్రసారిణికి శక్తినిచ్చు విద్యుత్తునకును ఇదియే కొలత. తరంగమునకు లక్షల హెర్ట్జులు. విద్యుత్తునకు 50 మాత్రమే. ఈ 50 అన్న చిన్న అంకెను నిలువబెట్టుటకు మానవుడు శతాబ్దమునకు పైగా పడుచున్న ప్రయాసమే ఈ ప్రసంగమునకు విషయము.

విద్యుత్తునకు ఇతర సరకులకు లేని ఒక విచిత్ర లక్షణము కలదు. ధాన్యమును గాదెలో పోసి దాచవచ్చును. నీటిని చెరువులో నిలుపవచ్చును. తీగలలో పారు విద్యుత్తును ఆ తీగలలోనే దాచుటకు వీలులేదు. వాడుక ఎంతయో ఉత్పత్తియు ఆ క్షణమున అంతయే ఉండవలెను. ఒక పట్టణమున సంధ్యవేళ లక్ష దీపములు వెలిగిన మరుక్షణముననే, ఎచ్చటనో ఉన్న జనరేటర్ల మీద ఆ బరువు పడును. అదనపు ఆవిరిగాని, నీరుగాని అందులోపల ఆ శక్తి ఎచ్చటనుండి వచ్చును? తిరుగుచున్న మహాయంత్రముల వేగమునుండియే వచ్చును. చక్రములు రవంత నెమ్మదించును. ఆవర్తనముల సంఖ్య 50నుండి 49.9కు జారును. వాడుక తగ్గినచో చక్రములు త్వరపడును, సంఖ్య పైకెగయును. కనుకనే వైద్యుడు నాడిని పట్టి చూచినట్లు, విద్యుత్కేంద్రపు ఇంజనీరు ఈ అంకెను చూచి యావద్దేశపు ఆరోగ్యమును గ్రహింపగలడు.

కళ్ళములో బంతి కట్టిన ఎడ్లను మన రైతులెరుగుదురు. ఒకే పలుపునకు కట్టిన ఎడ్లన్నియు ఒకే అడుగు వేయవలసినదే. ఒకటి మొరాయించినచో దాని భారము తక్కిన వాని మీద పడును. ఒక విద్యుజ్జాలమునకు చేరిన జనరేటర్లన్నియు అట్టివే. వందల క్రోసుల దూరమున నున్నను, ఒక్క పలుపునకు కట్టినట్లు అవి ఒకే లయతో తిరుగును.

ఆరంభమున ఈ లయ ఒక్కటిగా లేదు. ఏకాంతర విద్యుత్తు వ్యాపించిన తొలినాళ్ళలో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ కంపెనీ సెకనుకు 133 ఆవర్తనముల విధానమును వాడినది. 1891లో జర్మనీలోని లౌఫెన్ జలపాతమునుండి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమునకు విద్యుత్తును తెచ్చిన సుప్రసిద్ధ ప్రయోగమున వాడినది 40. నయాగరా కేంద్రము 1895లో పనికి దిగినపుడు 25ను ఎన్నుకొన్నది. మన దక్షిణాపథమున 1902లో కావేరిపై శివసముద్రమున వెలసిన జలవిద్యుత్కేంద్రమును 25నే అనుసరించినది. ఎందరో తెలుగు కార్మికులు చెమటోడ్చిన కోలారు బంగారు గనులకు 90 మైళ్ళకు పైగా తీగలు లాగి ఈ కేంద్రము శక్తినందించినది. బరువైన మోటార్లకు 25 అనుకూలమే. కాని దీపములు కంటికి మిణుకుమిణుకుమని తోచును. తుదకు ఐరోపాలో 50, అమెరికాలో 60 స్థిరపడినవి. మనము 50ను గ్రహించితిమి.

ఒకే సంఖ్యను అంగీకరించుట ఒక ఎత్తు. దానిని నిలుపుట మరియొక ఎత్తు. ఈ రెండవ పనికి మూలసూత్రము విద్యుత్తుకంటె పాతది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు రెండు ఇనుప గుండ్లు గల గవర్నరును అమర్చినాడు. యంత్రము వేగమందినపుడు గుండ్లు ఎడముగా లేచి ఆవిరి ద్వారమును మూయును. నెమ్మదించినపుడు దిగి ద్వారమును తెరచును. ఈ సాధనము ఏ స్థితిలో స్థిరముగా నుండునో, ఏ స్థితిలో ఊగిసలాడునో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1868లో గణితముతో విచారించినాడు. రేడియో తరంగములను కాగితము మీద ముందుగా కనుగొన్న మహానుభావుడును ఈయనయే.

విద్యుత్కేంద్రములలో ఈ గవర్నరునకు ఒక చమత్కారమును చేర్చినారు. వేగమును ఖచ్చితముగా పూర్వస్థితికి తేవలెనని ఏ యంత్రమునకును ఆజ్ఞ లేదు. వేగము నూటికి ఒక పాలు తగ్గినచో, నీ పూర్తి శక్తిలో నూటికి ఇరువది పాళ్ళు అదనముగా ఇమ్మని మాత్రమే కట్టడి. పెద్ద యంత్రమునకును, చిన్న యంత్రమునకును ఇదియే నిష్పత్తి. కనుక బరువు పడిన క్షణమున ఎవరి శక్తికి తగిన పాలు వారు ఎత్తుకొందురు. కేంద్రమునుండి ఆజ్ఞ అక్కరలేదు, టెలిఫోను మ్రోగనక్కరలేదు. పౌనఃపున్యమే అందరికిని వినబడు పిలుపు. ఆ తరువాత నెమ్మదిగా, నిమిషముల మీద, నియంత్రణ కేంద్రములోనివారు సంఖ్యను మరల 50కి చేర్తురు. గడియారమును నమ్మి ఈ సర్దుబాటు చేయు పద్ధతి అమెరికాలో బోస్టన్ నగరమున 1916లో ఆరంభమైనది. హెన్రీ వారెన్ విద్యుత్ గడియారమును నిర్మించి, సరఫరా పౌనఃపున్యము సరిగా లేనందున అది తప్పు చూపుటను గమనించి, విద్యుత్కేంద్రములోనే ఒక ప్రధాన గడియారమును నెలకొల్పినాడు. గడియారమును దిద్దబోయి విద్యుత్కేంద్రమునే దిద్దినాడన్నమాట.

మన దేశ చరిత్రలోనికి వత్తము. స్వాతంత్ర్యానంతరము రాష్ట్రముల తీగలు కలసి ఐదు ప్రాంతీయ జాలములైనవి. దక్షిణ ప్రాంతమున ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు, కేరళములు ఒకే లయతో నడచినవి. కాని ఆ లయ కుదురుగా ఉండెడిది కాదు. వాడుక హెచ్చిన వేళల 48 సమీపమునకు దిగుటయు, రాత్రివేళల 51కి పైకి పోవుటయు సామాన్యమై పోయినది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదని మన పెద్దలన్నది ఇట్టి సందర్భమునకే. తన వాటాకు మించి వాడుకొన్న రాష్ట్రమునకు ఆ క్షణమున కలుగు నష్టము లేదు. దిగినది అందరి పౌనఃపున్యము. మోటార్ల వేగము తగ్గి రైతు బావిలో నీరు సన్నగిలినచో, దానికి కారణమైనవారెవరో ఎవరికిని తెలియదు.

2002, 2003 సంవత్సరములలో దీనికొక ధర్మసూక్ష్మము వంటి పరిష్కారము అమలులోనికి వచ్చినది. దీనికి ముఖ్య రూపశిల్పి భాను భూషణ్ అను ఇంజనీరు. వాటాకు మించి తీసికొన్న విద్యుత్తునకు ధరను పౌనఃపున్యముతో ముడివేసినారు. సంఖ్య దిగిన కొలది ధర హెచ్చు. ఎక్కిన కొలది ధర తగ్గు. దక్షిణ ప్రాంతమున ఇది 2003 జనవరి 1న ఆరంభమైనది. వాట్ గవర్నరు ఆవిరితో చేసిన పనిని ఈ నియమము రూపాయలతో చేసినదనవచ్చును. పౌనఃపున్యము క్రమముగా దారికి వచ్చినది. అయినను ప్రమాదము తీరలేదు. 2012 జూలై 30న ఉత్తర జాలమును, మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య జాలములును కుప్పకూలినవి. 60 కోట్లకు పైగా జనులు నివసించు ప్రాంతములు ఆ రెండవనాడు చీకటి పాలైనవి. నాటికి దక్షిణ జాలము మిగిలిన దేశముతో ఒకే లయలో చేరి ఉండలేదు. విశాఖపట్టణపు గాజువాక వంటి చోట్ల ఏకముఖ విద్యుత్తు ద్వారా మాత్రమే ముడిపడి ఉండెను. ఆ కారణముచే ఆంధ్రదేశము ఆ విపత్తునుండి తప్పించుకొన్నది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు మార్గము ద్వారా దక్షిణమును కలసినది. నాటినుండి కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు ఒకే నాడి.

ఇంతవరకు చెప్పినది తిరుగు చక్రముల కథ. ఇటీవలి దశాబ్దములలో చక్రమే లేని ఉత్పత్తిదారులు వచ్చి చేరినారు. ఇంటి కప్పుపై పరచిన సౌరఫలకము ఏకముఖ విద్యుత్తు నిచ్చును. దానిని ఏకాంతర విద్యుత్తుగా మార్చు పెట్టెకు ఇన్వర్టరని పేరు. అందులో తిరుగు వస్తువేదియు లేదు. బరువు పడినపుడు నెమ్మదించి శక్తి నిచ్చుటకు దానికి జడత్వము లేదు. చెప్పిన పని చేయును, చెప్పనిది చేయదు. కనుక దానికేమి చెప్పితిమన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న ఎంత గంభీరమైనదో జర్మనీ దేశపు అనుభవము తెలుపును.

ఆ దేశమున 1991లో ఒక చట్టము, 2000లో మరియొక చట్టము వచ్చి, కప్పులపై పుట్టిన విద్యుత్తును నిర్ణీత ధరకు కొనవలెనని శాసించినవి. రైతులు పశువుల కొట్టముల మీద, గృహస్థులు ఇండ్ల మీద ఫలకములు పరచినారు. వానికొక నియమము విధింపబడినది: పౌనఃపున్యము 50.2 దాటినచో ఇన్వర్టరు తక్షణమే తీగనుండి విడిపోవలెను. ఈ నియమము వెనుక సదుద్దేశమే కలదు. మరమ్మతుకై ఒక వీధి తీగను కోసినపుడు, ఆ వీధిలోని ఫలకములు తీగకు ప్రాణము పోయుచుండినచో స్తంభమెక్కిన పనివాని ప్రాణము పోవును. చిన్నవాడు తొలగినంత మాత్రమున పెద్ద జాలమునకు వచ్చు లోటేమి అని నాటివారు భావించినారు. వేయి ఇండ్లకు ఆ భావన సరియైనదే. కాని ఇండ్లు వేయితో ఆగలేదు. 2011 చివరకు ఆ దేశపు సౌరఫలకముల సామర్థ్యము సుమారు 25,000 మెగావాట్లకు చేరినది.

ఇందులోని ప్రమాదమును ఊహించుటకు 2006 నవంబరు 4వ తేది రాత్రిని జ్ఞప్తికి తెచ్చుకొందము. జర్మనీలో ఎమ్స్ నది మీదుగా ఒక పెద్ద ఓడ సముద్రమునకు పోవుటకై, నదిని దాటు విద్యుత్ మార్గమునొకదానిని ఆపినారు. తక్కిన మార్గముల మీద బరువు హెచ్చి, రాత్రి పది గంటలు దాటిన కొలది నిమిషములకు అవి ఒకదాని వెంట ఒకటి తెగినవి. ఐరోపా జాలము మూడు ముక్కలైనది. పశ్చిమ భాగమున పౌనఃపున్యము 49కి పడిపోయి, కోటియేబది లక్షల పైచిలుకు కుటుంబములకు విద్యుత్తు నిలిచినది. ఈశాన్య భాగమున ఉత్పత్తి మిగిలిపోయి 51.4కు ఎగసినది. అచ్చట గాలిమరలు కొన్ని విడిపోయి, మరల తమంతట తామే వచ్చి చేరి, నియంత్రణాధికారుల పనిని మరింత కష్టతరము చేసినవి. ఇంజనీర్లు నలుబది నిమిషముల లోపల ముక్కలను అతికించినారు. అది రాత్రివేళ గనుక సౌరఫలకములన్నియు నిద్రలో నుండెను. ఇట్టిదే ఎండకాచు మధ్యాహ్నము జరిగినచో?

సమాధానము భయంకరముగా నుండెను. పౌనఃపున్యము 50.2ను తాకిన క్షణమున వేలకొలది మెగావాట్లు ఒక్కసారిగా తొలగిపోవును. ఖండాంతర ఐరోపా జాలము ఆకస్మిక లోటును తట్టుకొనుటకై సిద్ధముగా నుంచుకొన్న శక్తి 3,000 మెగావాట్లు. మిగులుగా నున్న విద్యుత్తు రెప్పపాటులో మహా లోటుగా మారి, పైకి ఎగసిన పౌనఃపున్యము పాతాళమునకు పడును. ఎవరి తప్పును లేదు; ప్రతి ఇన్వర్టరును తనకు చెప్పినట్లే చేయును. అందరును ఒకేసారి చేయుటయే ఆపద.

జర్మన్లు ఈ నిజమును దాచలేదు. 2011లో పరిశోధన జరిపించినారు. 2012 జూలైలో ప్రభుత్వము ప్రత్యేక శాసనము చేసినది. 10 కిలోవాట్లకు మించిన సుమారు 3,15,000 సౌరకేంద్రములను ఒక్కొక్కదానిని దర్శించి అమరికను మార్చవలసి వచ్చినది. ఎలక్ట్రీషియన్లు పల్లెపల్లెకు పోయి, కొట్టముల గోడలకున్న పెట్టెలను విప్పి అంకెలు దిద్దినారు. దిద్దుటకు వీలులేని వానికి వేరువేరు హద్దులు పంచి, అన్నియు ఒక్కసారి తొలగకుండ చేసినారు. క్రొత్తవానికి విధించిన నియమమిది: 50.2 దాటిన పిమ్మట ఒక్కసారి విడిపోరాదు, ప్రతి హెర్ట్జునకు నూటికి నలుబది పాళ్ళ చొప్పున శక్తిని క్రమముగా తగ్గింపవలెను, 51.5 వరకు జాలములోనే నిలువవలెను. ఈ నియమమును కొంచెము పరికించినచో, వాట్ మహాశయుని రెండు గుండ్ల గవర్నరే మరల ప్రత్యక్షమగును. ఇనుప గుండ్లకు బదులు పెట్టెలోని గణితము. ధర్మము మాత్రమదే: నీ శక్తికి తగిన పాలు నీవు తగ్గుము.

2015 మార్చి 20న ఐరోపాకు పాక్షిక సూర్యగ్రహణము పట్టినది. సూర్యుడు మరుగై మరల వెలువడునపుడు వేల మెగావాట్లు తగ్గి, అంతకంటె త్వరగా పెరుగునని ముందే లెక్కించి, జాలాధికారులు అదనపు శక్తిని సిద్ధపరచుకొన్నారు. గ్రహణము నిర్విఘ్నముగా గడచిపోయినది. మన పంచాంగకర్తల వలెనే, గ్రహణమును ముందు తెలిసికొన్నవానికి భయము లేదు, తెలియనివానికే ఉపద్రవము.

ఆ తెలియనితనము ఎట్టిదో 2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియా చూచినది. తుపాను గాలికి విద్యుత్ స్తంభములు కూలినవి. తీగలలో వరుసగా కలిగిన ఒడిదుడుకులను కొన్నిటిని సహించిన గాలిమరలు, తమ అమరికలో విధించిన సంఖ్య దాటగానే 456 మెగావాట్లను ఉపసంహరించుకొన్నవి. ఆ అమరిక సంగతి జాలాధికారులకు ముందు తెలియదు. పొరుగు రాష్ట్రముతో నున్న బంధము తెగినది. నిలిచియున్న బరువైన చక్రములు తక్కువ గనుక పౌనఃపున్యము అతివేగముగా పడిపోయి, కొంత వాడుకను తొలగించి మిగిలినది కాపాడు యంత్రాంగమునకు పనిచేయుటకే వ్యవధి చిక్కలేదు. రాష్ట్రమంతయు చీకటి. మరుసటి సంవత్సరము హార్న్స్‌డేల్ వద్ద 100 మెగావాట్ల బ్యాటరీని నెలకొల్పినారు. ఆవిరి గవర్నరుకంటె అది త్వరగా స్పందించును. 2021లో నాలుగు మహాచక్రములను కూడ అమర్చినారు. ఇవి విద్యుత్తును పుట్టింపవు. ఊరక జాలముతో కలసి తిరుగుచు జడత్వమును ప్రసాదించును. గాలి, ఎండల యుగమున పాత చక్రమునకు మరల గౌరవము కలిగినది.

ఇక మన నాటి అనుభవము. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు 9 నిమిషములు దీపములార్పి ప్రమిదలు వెలిగింపుడని ప్రధానమంత్రి దేశప్రజలను కోరినారు. రేడియోలోను, దూరదర్శనములోను ఆ పిలుపును దేశమంతయు వినినది. విన్నవారు సుఖముగా విన్నారు. నియంత్రణ కేంద్రములలోనివారికి మాత్రము నిద్ర పట్టినది కాదు. 12,000నుండి 14,000 మెగావాట్ల వాడుక తగ్గునని అంచనా వేసినారు. తగ్గినది 31,000 మెగావాట్లు. జలవిద్యుత్కేంద్రములను ముందే పూర్తి శక్తితో నడిపి, ఆ క్షణమున 17,000 మెగావాట్లకు పైగా తగ్గించి, దీపములు మరల వెలుగునపుడు తిరిగి పెంచినారు. పౌనఃపున్యము 49.70, 50.26ల నడుమ ఊగి కుదుటపడినది. పైహద్దును గమనింపుడు: జర్మనీవారి పాత గీతయైన 50.2ను ఆ రాత్రి మనము దాటితిమి. అది రాత్రి, సౌరఫలకముల ప్రసక్తి లేదు. మన దేశమున చిన్న ఉత్పత్తిదారులకై 2013లో చేసిన నిబంధనలలో పైహద్దు 50.5గా ఉండెను. నియమములోని ఒక చిన్న దశాంశ బిందువు తరువాత నుండు అంకెకు ఎంత విలువ కలదో ఇందువలన తెలియును.

నేడు తెలుగునాట కర్నూలు ఎండలోను, రాయలసీమ కొండగాలిలోను విద్యుత్తు పండుచున్నది. పట్టణములలో మేడల మీద, పల్లెలలో పంపుల ప్రక్కన ఫలకములు వెలయుచున్నవి. శ్రీశైలము ఎడమగట్టున భూగర్భ కేంద్రములో 150 మెగావాట్ల యంత్రములారింటిని, నీటిని క్రిందికి విడిచి విద్యుత్తు పుట్టించుటకును, మిగులు విద్యుత్తుతో నీటిని మరల పైకి తోడుటకును వీలుగా నిర్మించినారు. మధ్యాహ్నపు ఎండను సాయంకాలపు దీపముగా మార్చుటకు ఇట్టివి నానాటికి అవసరమగును.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినదొక్కటి శ్రోతలకు మనవి చేయుదుము. చిన్నవాడనని ఎవడును తన ధర్మమునుండి తప్పించుకొనరాదు. చిన్నవాడని ఎవనిని లెక్కనుండి తప్పింపనురాదు. ఒక కప్పుపై నున్న పెట్టె జాలమును కూల్చలేదు, నిలుపలేదు. మూడు లక్షల పెట్టెలు ఒకే ఆజ్ఞను శిరసావహించినపుడు ఆ రెండును చేయగలవు. కనుక నియమము వ్రాయువాడు, దీనిని ఒక్కడు పాటించిన ఏమగునని మాత్రమే గాక, అందరును ఒకే క్షణమున పాటించిన ఏమగునని కూడ యోచింపవలెను. మన ఇంటి గోడకు ఇన్వర్టరు బిగించుటకు వచ్చిన పనివాడు ఏవో అంకెలు నొక్కి పోవుచుండగా, అవి దేశపు నాడికి సంబంధించిన అంకెలని మనము తెలిసికొని, సరిగా నమర్చినాడో లేదో అడుగుట మంచిది.